సంతకముతో ఆగవద్దు
(వయోజనులకు చదువు, లెక్కలు నేర్పుటను గూర్చిన పాఠము)

పఠన భాగములు: యెషయా 29:11, 12, యిర్మీయా 32:9–14, నెహెమ్యా 8:1–8, లూకా 16:5–7
కంఠత పట్టవలసిన వాక్యము: కీర్తన 119:130 (బైబిలు తెరచి చూచుకొనుడి. చదువరాని వారికి చదివి వినిపించి నేర్పుడి.)



ఈ పాఠమును ఒక ఒప్పుకోలుతో ఆరంభిస్తున్నాము. కొన్ని సంవత్సరముల క్రితము మా సంఘములోని స్త్రీల సమాజమువారు పొదుపు గుంపు పెట్టుకొని బ్యాంకులో ఖాతా తెరవబోయినారు. పన్నెండుమందిలో అయిదుగురు వేలిముద్రవారు. "మన సంఘపు స్త్రీలు వేలిముద్ర వేయుట ఏమిటి?" అని మేమే పట్టుదలతో వారిని రెండు వారములు కూర్చుండబెట్టి, ఎవరి పేరు వారు వ్రాయుట నేర్పించాము. ఆదివారము ఆరాధనలో ఆ అయిదుగురిని నిలువబెట్టి చప్పట్లు కొట్టించాము. గొప్ప పని చేశామనుకున్నాము.

ఆ అయిదుగురిలో పూలు అమ్ముకొని జీవించు సహోదరి ఒకామె. రెండేండ్ల తరువాత ఆమె బంధువొకడు అప్పు తీసుకొనుచు, "అత్తా, సాక్షి సంతకం పెట్టు, అంతే" అన్నాడు. కాగితము కొంత కన్నడములో, కొంత ఇంగ్లీషులో ఉన్నది. ఆమె మేము నేర్పిన సంతకమును చక్కగా పెట్టినది. అతడు నాలుగు వాయిదాలు కట్టి ఊరు విడిచి వెళ్లిన తరువాతగాని తెలియలేదు, ఆమె సాక్షి కాదనీ, జామీనుదారు అనీ. చెవికమ్మలు పోయినవి, కూతురి పెండ్లికని దాచినది పోయినది. మేము ఓదార్పు చెప్పుటకు వెళ్లినప్పుడు ఆమె అన్నమాట ఇది: "మాస్టారూ, నాకు సంతకం రాకపోయినా బాగుండేది. వేలిముద్ర అంటే ఎవరో ఒకరు చదివి చెప్పేవాళ్లు. సంతకం పెట్టాను గనక చదువుకున్నదాన్ననుకున్నారు."

ఆ మాటకు మా యొద్ద జవాబు లేకపోయినది. ఆమె చెప్పినది నిజమే. వేలిముద్ర వేయువారి విషయములో బ్యాంకులు సాక్షులను అడుగుదురు, కాగితములోని సంగతి వారికి తెలియజేయవలెననుదురు. సంతకము పెట్టినవారు మాత్రము చదివి, తెలిసికొని పెట్టినట్లే లెక్క. కాబట్టి చదువు లేని సంతకము మనిషిని కాపాడదు, ఉన్న చిన్న కాపుదలను కూడ తీసివేయును. మేము ఆమెకు ఇచ్చినది సగము చదువు. ఆ మిగిలిన సగమును గూర్చినదే ఈ పాఠము.

1. వాక్యము ఏమి చూపుచున్నది?

యెషయా 29వ అధ్యాయములో ఒక గ్రంథమును ఇద్దరికి ఇచ్చుట చూచుచున్నాము. మొదటివానికి చదువు వచ్చును, అయితే గ్రంథము ముద్రింపబడియున్నది. రెండవవానికి గ్రంథము చేతిలో ఉన్నను అక్షరములు రావు. ప్రవక్త దీనిని ప్రజల ఆత్మీయ అంధత్వమునకు ఉపమానముగా చెప్పుచున్నాడు. అయినను ఆ రెండవవాడు ఊహలోని మనిషి కాడు. ప్రతి ఆదివారము బైబిలు చంకన పెట్టుకొని మన మందిరములకు వచ్చు అనేకులు ఆయనే.

యిర్మీయా 32వ అధ్యాయము కొనుగోలు కాగితమును గూర్చినది. యెరూషలేము ముట్టడిలో ఉండగా ప్రవక్త తన పినతండ్రి కుమారుడైన హనమేలు పొలమును పదునేడు తులముల వెండికి కొన్నాడు. కొన్నవాడు దేవుని మనుష్యుడు, అమ్మినవాడు సొంత బంధువు. అయినను ఏమి చేశాడో చూడుడి. పత్రము వ్రాసి ముద్ర వేసినాడు, సాక్షులను పిలిపించినాడు, వెండిని త్రాసులో తూచినాడు. ముద్రవేసిన ప్రతి ఒకటి, విప్పియున్న ప్రతి ఒకటి, రెండును బారూకు చేతికిచ్చి మట్టికుండలో భద్రపరచమన్నాడు. "మన వాడే గదా, నమ్మకము చాలదా?" అని యిర్మీయా అనలేదు. కాగితము చదువుట, సొమ్ము లెక్కించుట, ప్రతిని దాచుట అవిశ్వాసము కాదు. ఇది మన సంఘములలో గట్టిగా బోధింపవలసిన సంగతి. ఏలయనగా మనవారు మోసపోవునది ఎక్కువగా "మనవాడే" అన్న మాట దగ్గరనే.

లూకా 16వ అధ్యాయములో అన్యాయస్థుడైన గృహనిర్వాహకుడు బాకీదారులను పిలిచి నూరును ఏబదిగాను, నూరును ఎనుబదిగాను మార్చి వ్రాయించినాడు. అంకె మారుటకు ఒక్క క్షణము చాలును. ఆ దినమున అది బాకీదారునికి లాభముగా మారినది. మన దినములలో అది ఏ వైపునకు మారునో అందరికి తెలుసు.

నెహెమ్యా 8వ అధ్యాయములో ఎజ్రా నీటి గుమ్మము ఎదుట ఉదయము మొదలుకొని మధ్యాహ్నము వరకు గ్రంథము చదివినాడు. స్త్రీలు పురుషులు కలిసి విన్నారు. లేవీయులు అర్థము విప్పి చెప్పినారు. ఇందులో చదువుట, వినుట, అర్థము చేసికొనుట మూడును కలిసియున్నవి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకున్నను అది పూర్తి చదువు కాదు.

2. చదువురానివారు మన మధ్య ఎవరు?

జనగణన లెక్కలో ఏడేండ్లు నిండి, ఏదైన ఒక భాషలో అర్థము తెలిసి చదువను, వ్రాయను గలవారే అక్షరాస్యులు. సంతకము మాత్రము వచ్చినవారు ఆ లెక్కలో చేరరు. 2011 జనగణన ప్రకారము దేశములో సుమారు నలుగురిలో ఒకరు, స్త్రీలలో మూడింట ఒక వంతుకు పైగా చదువురానివారు. మన సంఘములలో అరువది దాటిన స్త్రీలను ఇంటింట అడిగి చూడుడి, సంగతి మీకే తెలియును.

అయితే అడుగుట సులభము కాదు. ముప్పది ఏండ్లుగా పాటల పుస్తకము చేత పట్టుకొని ఒక్క పాట తప్పకుండ పాడు తల్లికి ఒక్క అక్షరము రాదని మాకు ఎంతో ఆలస్యముగా తెలిసినది. పేజీ తలక్రిందులుగా ఉన్నను ఆమె పాట ఆగలేదు. గృహ ప్రార్థన కూటములలో వంతున వచనములు చదివించునప్పుడు, "కళ్లజోడు మరచి వచ్చాను" అని ప్రతివారము చెప్పువారిని గమనించుడి. పిల్లవానికి పాలు పట్టవలెనని సరిగా ఆ వేళకే లేచిపోవు తల్లిని గమనించుడి. వారు వాక్యమును ప్రేమించనివారు కారు. సిగ్గును దాచుకొనుచున్నవారు. కాబట్టి ముందుగా అడుగకుండ ఎవరిచేతను బహిరంగముగా చదివించుట మానవలెను. ఇది పెద్దలు ఈ వారమే చేయగల పని, దీనికి ఖర్చు ఏమియు లేదు.

మన వలస సంఘములలో ఇంకొక గుంపు ఉన్నది. ఇంట తెలుగు మాటలాడుచు బడిలో కన్నడము, తమిళము, ఒడియా, మరాఠీ చదివిన మన యౌవనులు. వారికి చదువు వచ్చును, తెలుగు బైబిలు మాత్రము చదువలేరు. నెహెమ్యా 13:24లో పిల్లలలో సగముమంది అష్డోదు భాష మాటలాడుచు యూదుల భాష ఎరుగనివారైరని చూచుచున్నాము. ఈ రెండు గుంపులను కలుపు మార్గము క్రింద చెప్పుచున్నాము.

3. పెద్దవారు పిల్లలు కారు

ఉపాధ్యాయ శిక్షణలో మేము నేర్చినది పిల్లలకు బోధించు పద్ధతి. దానినే పెద్దవారి మీద ప్రయోగించి మొదటిసారి ఓడిపోయినాము. సండేస్కూలు బల్లల మీద కూర్చుండబెట్టి అ, ఆ మొదలుకొని వల్లె వేయించాము. మూడవ వారమునకు సగముమంది మానివేసినారు. రెండవసారి ఆరంభించునప్పుడు నాలుగు సంగతులు మార్చుకొన్నాము.

మొదటిది, కన్ను. నలువది దాటిన తరువాత దగ్గరి అక్షరము మసకబారుట సహజము. "నా బుర్రకు ఎక్కదు" అన్నవారిలో కొందరికి కావలసినది దగ్గరి చూపు కళ్లజోడు మాత్రమే. పలక ఇచ్చుటకు ముందు కంటి పరీక్ష చేయించుడి. అక్షరములు పెద్దవిగా వ్రాయుడి. పౌలు గలతీయులకు తన స్వహస్తముతో పెద్ద అక్షరములు వ్రాసినానని చెప్పుచున్నాడు (గలతీ 6:11).

రెండవది, వేళ. మేముండు కోలారు బంగారు గనుల ప్రాంతములో 2001లో గనులు మూతపడిన తరువాత అనేకులు తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరు పనికి వెళ్లి చీకటి పడిన తరువాత తిరిగి వచ్చుచున్నారు. అట్టివారికి సాయంత్రము ఆరు గంటల తరగతి ఉన్నను లేనట్లే. వారమునకు మూడు రాత్రులు, భోజనము తరువాత, ఒక గంట మించకుండ పెట్టుకొన్నాము. పండుగలకు, పెండ్లిండ్లకు, మరణములకు తరగతి ఆగును. ఆగినందుకు ఎవరినీ నిందించరాదు, తిరిగి ఆరంభించుట ముఖ్యము.

మూడవది, గౌరవము. "అమ్మా", "అక్కా", "పెద్దయ్యా" అని పిలుచుచు నేర్పవలెను. నేర్పువాడు యౌవనుడైనంత మాత్రమున నేర్చువారు చిన్నవారు కారు.

నాలుగవది, వారికి వచ్చినదానితో ఆరంభించుట. పెద్దవారు ఖాళీ పలకలు కారు. ఇరువది కీర్తనలు కంఠత వచ్చిన తల్లికి భాష అంతయు నోట ఉన్నది. కంటికి, నోటికి మధ్య దారి మాత్రమే లేదు.

4. అక్షరము ఎట్లు నేర్పవలెను?

తెలుగు వర్ణమాలను మొదటినుండి చివరివరకు వరుసగా నేర్పనక్కరలేదు. నేర్చువారి బ్రతుకులోని మాట ఒకటి తీసికొనుడి. పూలు అమ్ము సహోదరికి మేము "మాల, మూర, పూలు" అని మూడు మాటలు వ్రాసి ఇచ్చాము. ఇందులో మ, ల, ర, ప అను నాలుగు హల్లులే ఉన్నవి. ఈ నాలుగింటికి గుణింతపు గుర్తులు మార్చిన యెడల మేలు, పాలు, పేరు, పులి, పరుపు, మూల అను మాటలన్నియు వచ్చును. ఒక్క వారములో పది మాటలు సొంతముగా చదివిన మనిషి తరగతి మానదు. తరువాత "మల్లె" అని వ్రాసిన యెడల ఒత్తు కూడ ఆమెకు భయము కలిగించదు, ఏలయనగా ఆ మాట ఆమె రోజుకు నూరు సార్లు పలుకునదే.

పెద్దవారు తడబడు చోట్లు ముందే ఎరిగియుండుడి. మ-య, ప-ష, బ-భ, ద-ధ జంటలు వారికి ఒకటిగా కనబడును. ఈ జంటలను ఒకే దినమున నేర్పవద్దు. ఒకటి బాగుగా స్థిరపడిన తరువాతనే రెండవది చూపి, తేడా ఎక్కడ ఉన్నదో వారినే వ్రేలితో చూపమనుడి. "మరియ" అను పేరులో మ, య రెండును ఉన్నవి గనుక ఆ అభ్యాసమునకు అది మంచి మాట.

ఆ తరువాత కంఠత వచ్చిన కీర్తనను తెరచి, నోట చెప్పుచు వ్రేలితో ఒక్కొక్క మాటను తాకమనుడి. ఒక హెచ్చరిక: కంఠత వచ్చినవారు చదువకయే చదివినట్లు చెప్పగలరు. కాబట్టి వచనము మధ్యలో ఆపి, "ఈ మాట ఏమిటి?" అని అడుగుడి. పైనుండి క్రిందికి గాక క్రిందినుండి పైకి మాటలు చదివించుడి. అప్పుడు అది జ్ఞాపకమో చదువో తెలియును.

ఇక రెండు గుంపులను కలుపు మార్గము. అవ్వకు కీర్తన వచ్చును, అక్షరము రాదు. మనవనికి అక్షరము యొక్క కిటుకు తెలుసు గాని తెలుగు లిపి రాదు, బైబిలు మాటల అర్థము తెలియదు. ఇద్దరికి ఒకే పలక ఇచ్చుడి. అవ్వ మాట చెప్పును, అర్థము చెప్పును. మనవడు అక్షరము త్వరగా పట్టుకొని అవ్వకు చూపును. ఇద్దరును నేర్చువారే గనుక ఎవరికీ సిగ్గు లేదు. మా తరగతిలో ఎక్కువ కాలము నిలిచినవి ఇటువంటి జతలే.

5. ఏ భాష నేర్పవలెను?

"ఇక్కడ బ్రతుకుటకు కన్నడము కావలెను గాని తెలుగెందుకు?" అని మమ్మును అడిగినారు. చెన్నైలో, బరంపురములో, షోలాపురములో ఉన్న మీరును ఈ ప్రశ్న వినియే ఉందురు. మా జవాబు ఇది. అక్షరమునకు ధ్వని, ధ్వనికి అర్థము కలుపుట మొదటిసారి నేర్చునప్పుడు నోట ఆడు భాషలో నేర్చుట సులభము. ఆ కిటుకు ఒకసారి తెలిసిన తరువాత రెండవ లిపి సగము శ్రమతో వచ్చును. కన్నడ లిపి తెలుగునకు అక్కచెల్లెలి వంటిది, అనేక అక్షరముల ఆకారము ఒకటే. తమిళములో క, ఖ, గ, ఘ నాలుగింటికి ఒకే అక్షరము గనుక నేర్వవలసినవి తక్కువ. ఒడియా, మరాఠీ లిపులు వేరైనను క, ఖ, గ, ఘ వరుస ఒకటే, గుణింతపు పద్ధతి ఒకటే. కాబట్టి తెలుగుతో ఆరంభించి, ఆరు నెలలు దాటిన తరువాత స్థానిక లిపిలో అవసరపు మాటలు నేర్పుడి. బస్సు బోర్డు మీది ఊర్ల పేర్లు, ఆసుపత్రి, రేషను అంగడి బోర్డులు, తన పేరు, తన ఊరి పేరు చాలును.

వీటితోపాటు రెండు మాటలు తప్పక నేర్పవలెను. ఒకటి "సాక్షి", రెండవది "జామీను". ఈ మాటలు కన్నడములో సాక్షి, జామీనుదార అనియు, మరాఠీలో సాక్షీదార్, జామీన్‌దార్ అనియు, తమిళములో సాట్చి, జామీన్ అనియు పలుకుదురు. ఒడియాలోను దాదాపు ఇవే మాటలు. ఇంగ్లీషు కాగితములో విట్నెస్, గ్యారంటర్ అని ఉండును. కొన్ని కాగితములలో సూరిటీ, కో-బారోయర్ అనియు వ్రాయుదురు. సంతకము పెట్టు గీత క్రింద ఈ మాటలలో ఏది ఉన్నదో పోల్చుకొనుట వచ్చియుంటే, మా సహోదరి కమ్మలు నిలిచియుండేవి.

6. లెక్కలు: నోట ఉన్నది కాగితము మీదికి

చదువురానివారికి లెక్కలు రావనుకొనుట పొరపాటు. మూర పూలు ఇంతయని చెప్పి, ఏడున్నర మూరలకు సొమ్ము కట్టి, అయిదు వందల నోటుకు చిల్లర ఇచ్చు మనిషికి లెక్క రాదందుమా? ఆమెకు రానిది వ్రాసిన అంకె. మొదట 0 మొదలు 9 వరకు నేర్పుడి. ఈ అంకెలు మన రాష్ట్రములన్నిటిలోను చెల్లును. ముంబయి వైపు ఉన్నవారు మాత్రము బస్సు నంబర్ల కొరకు మరాఠీ అంకెలు కూడ నేర్పవలెను.

ముఖ్యమైన తప్పు ఒకటి వచ్చును. "నూట అయిదు" వ్రాయమన్న 1005 అని వ్రాయుదురు. వారు విన్నది విన్నట్లు వ్రాసినారు. నూరు, దాని ప్రక్కన అయిదు. ఇది తెలివితక్కువ కాదు, స్థానము నేర్పలేదని అర్థము. మేము మూడు గడులు గీసి, నూరు రూపాయల నోట్లు ఒక గడిలో, పది రూపాయల నోట్లు ఒక గడిలో, రూపాయి బిళ్లలు ఒక గడిలో పెట్టించాము. పదుల గడిలో ఏమియు లేనప్పుడు అక్కడ ఖాళీ కుర్చీ వలె సున్న కూర్చుండును. అప్పుడు 105, 150, 15 తేడా కంటికి కనబడును. పిమ్మట పాటల పుస్తకములో 105వ పాట, బైబిలులో 105వ కీర్తన తీయమనుడి. వచనమును వెదకి తీయుట అనుదినము జరుగు లెక్కల పాఠమే.

తరువాత వడ్డీ. "నూటికి రెండు రూపాయలు" అనగా నెలకు. పదివేలకు నెలకు 200, ఏడాదికి 2,400. బ్యాంకు భాషలో ఇది నూటికి 24. బ్యాంకువారు ఏడాది లెక్క చెప్పుదురు, వీధిలోనివారు నెల లెక్క చెప్పుదురు. రెంటిని ఒకే లెక్కలోనికి మార్చకుండ పోల్చరాదు.

వారపు అప్పు ఇంకను జాగ్రత్తగా చూడవలెను. పదివేలని చెప్పి, ముందే 1,500 పట్టుకొని చేతికి 8,500 ఇచ్చుదురు. వారమునకు వెయ్యి చొప్పున పది వారములు కట్టవలెను. "పదివేలకు పదునైదు వందలే గదా" అని తోచును. అయితే ప్రతివారము తీర్చుచున్నందున అసలు తగ్గుచు వచ్చును. పది వారముల మీద సరాసరి చూచిన యెడల ఆమె యొద్ద నిలిచిన సొమ్ము అయిదువేలకు లోపే. అయిదువేలకు పది వారములలో 1,500 అనగా నూటికి 30, వారమునకు నూటికి 3, నెలకు 12 దాటును. నూటికి రెండు రూపాయలను అధిక వడ్డీ అని భయపడు మనిషి, దానికి ఆరింతల వడ్డీ తెలియకయే కట్టుచున్నది. ఈ లెక్కను పలక మీద వేసి చూపిన రాత్రి మా తరగతిలో చాలసేపు ఎవరును మాటలాడలేదు. కట్టడము కట్టగోరువాడు మొదట కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనునని ప్రభువు చెప్పిన సంగతి (లూకా 14:28) అప్పునకు కూడ వర్తించును.

ఫోను సంగతి ఒక మాట. డబ్బు పంపుటకే రహస్య నంబరు నొక్కవలెను, డబ్బు వచ్చుటకు నొక్కనక్కరలేదు. "మీకు డబ్బు వస్తుంది, పిన్ కొట్టండి" అన్నవాడు మోసగాడు. పంపునప్పుడు సున్నలు లెక్కించి చదివి, ఆ తరువాతనే నొక్కవలెను.

7. కాగితము ముందు అయిదు అలవాట్లు

ఒకటి, ఖాళీ గడులున్న కాగితము మీద సంతకము పెట్టవద్దు. రెండు, "నాకు చదివి చెప్పండి" అని అడుగుటకు సిగ్గుపడవద్దు. సంఘములో చదువు వచ్చిన ఒకరిని వెంట తీసికొని పోవుడి. మూడు, సొమ్ము అంకెలలోను అక్షరములలోను ఒకటిగా ఉన్నదా చూడుడి. నాలుగు, మీ సంతకపు గీత క్రింద ఏ మాట ఉన్నదో చూడుడి. అయిదు, యిర్మీయా వలె ఒక ప్రతిని తీసికొని భద్రపరచుడి. రిజర్వు బ్యాంకు ఆదేశము ప్రకారము 2024 అక్టోబరు 1 నుండి బ్యాంకులు, ఫైనాన్సు సంస్థలు వ్యక్తులకు క్రొత్తగా అప్పు ఇచ్చునప్పుడు, ముఖ్య వివరముల పత్రమును అప్పు తీసికొనువారికి అర్థమగు భాషలో ఇచ్చి వివరింపవలెను. అందులో ఏడాది వడ్డీ ఖర్చులతో కలిపి ఎంతో ఉండును. "కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్" అని పేరు పెట్టి అడుగుడి.

8. సంఘము ఏమి చేయవలెను?

1878లో గుండ్లకమ్మ నదిలో ఒకే దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిన చరిత్ర మనది. వారిలో ఎక్కువమంది అక్షరమునకు దూరముగా ఉంచబడినవారు. సువార్త వెంట పల్లె పల్లెకు బడి వచ్చినది గనుకనే ఈ పత్రికను చదువువారముగా మనమున్నాము. మన మిషను 1840లో స్థిరపడిన నెల్లూరి సీమలోనే 1990 తరువాత అక్షరాస్యత ఉద్యమము నడచినది. రాత్రి బడిలోని స్త్రీలు సారావలన చెడిన కుటుంబపు కథను పాఠముగా చదివి, కూర్చుండి చర్చించుకొన్నారు. దూబగుంటలో ఆరంభమైన ఆ పోరాటము 1992లో జిల్లా అంతటా ప్రాకినది. 1993 అక్టోబరు 1 నుండి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధింపబడినది. ఆ స్త్రీలు సంతకముతో ఆగలేదు. చదివినదానిని గూర్చి మాటలాడినారు.

అమెరికా మిషనరీయైన ఫ్రాంక్ లాబాక్ 1930లో ఫిలిప్పీన్సులో ఆరంభించిన పద్ధతి, నేర్చిన ప్రతివారు మరియొకరికి నేర్పుట. మన సంఘములకు అంతకంటె తగిన మార్గము లేదు. 2022లో ఆరంభమైన కేంద్ర ప్రభుత్వపు ఉల్లాస్ కార్యక్రమము కూడ పదునైదేండ్లు దాటినవారికి స్వచ్ఛంద సేవకుల ద్వారానే నేర్పించుచున్నది. చదువుట, వ్రాయుట, లెక్కలు మూడింటిలో పరీక్ష పెట్టి ధ్రువపత్రము ఇచ్చుచున్నది. మీ ప్రాంతపు ప్రభుత్వ పాఠశాలలో విచారించుడి.

ఆ పూల సహోదరి సంగతి చెప్పి ముగిస్తున్నాము. కమ్మలు పోయిన తరువాత ఆమె మా తరగతికి వచ్చినది. "సంతకం నేర్పినవాళ్లే చదవడం కూడా నేర్పండి" అన్నది. ఒకటిన్నర సంవత్సరము పట్టినది. ఇప్పటికిని ఆమె చదువు నిదానమే, పెద్ద ఒత్తుల దగ్గర ఆగును. పోయిన సొమ్ము తిరిగి రాలేదు. అయితే పోయిన సంవత్సరము స్త్రీల సమాజపు లెక్కల పుస్తకము మీద సంతకముల కొరకు తెచ్చినప్పుడు ఆమె కలము పట్టుకొనలేదు. "ముందు చదవనివ్వండి" అని కళ్లజోడు పెట్టుకొన్నది. మేమందరము కాచుకొని కూర్చున్నాము. కూడిక ఒకటి తప్పున్నదని ఆమెయే పట్టుకొన్నది. దిద్దిన తరువాత సంతకము పెట్టినది. ఆ దినమున మేము చప్పట్లు కొట్టలేదు, దేవునికి స్తోత్రము చెప్పుకొన్నాము.

చర్చకు ప్రశ్నలు

1. మన సంఘములో చదువరానివారు ఎవరని వారికి సిగ్గు కలుగకుండ తెలిసికొనుటకు మార్గమేమి?
2. యిర్మీయా తన బంధువుతో చేసిన వ్యవహారమునుండి మన ఇండ్లలోని అప్పులకు, జామీనులకు ఏ క్రమము నేర్చుకొనవచ్చును?
3. మన సంఘములో ఎవరైన వారపు అప్పు తీసికొనియుంటే, పై లెక్కను వారి సొమ్ముతో వేసి చూడుడి. ఏమి తేలినది?
4. మన సంఘములో అవ్వ-మనవడు జతలు ఎన్ని కుదురును? ఏ రాత్రులు, ఎవరి ఇంట కూడవచ్చును?

ప్రార్థన అంశములు: అప్పులలో చిక్కుకొనిన కుటుంబముల కొరకు, ఓపికతో నేర్పువారి కొరకు, ఈ వయస్సులో పలక పట్టుటకు ధైర్యము చేయు తల్లిదండ్రుల కొరకు ప్రార్థించుడి. ఈ పాఠమును చదువు వచ్చినవారు రానివారికి తప్పక చదివి వినిపించుడి.